మంజుల ఇంకా తినలేదు

జూన్ 9, సోమవారం

ఫిలాసఫీలో ఎమ్మే చేసినోనికి హిందూపురంలో ఎవుడన్నా ఉద్యోగమిస్తాడా? ఇచ్చినారు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, ఆడోళ్ళతో మాట్లాడే పెట్టెకు మాటలు రాసే పని. పెనుకొండలో నాయన అందరికీ "మా ప్రేమ్ కుమారు కంప్యూటర్ ఇంజనీరు" అని చెప్పుకుంటాండాడు. చెప్పుకోనీ, నాకేం పోయె.

పెట్టె పేరు మంజుల. నేనే పెట్టినా. ఎమ్మేలో నా ముందు బెంచీలో కూర్చోని, రెండేండ్లలో ఒక్కసారి గూడా వెనక్కి తిరగని మంజుల పేరు. ఈ మంజుల మటుకు నేను ఏం రాస్తే అదే మాట్లాడతాది.

మందులగది పక్కన చిన్న రూములో దాన్ని గోడకు కొట్టినారు. ఒక పరదా, ఒక స్టూలు. కుట్టేవాళ్ళు లోపలికొచ్చి బటన్ నొక్కి కష్టమో సుఖమో చెప్పుకోవాల, మంజుల ఊకొట్టాల. ఫారిన్ బయ్యర్లు ఆడిట్‌కి వచ్చినప్పుడు "మా వర్కర్ల మాట ఇనేదానికి ఏర్పాటుంది" అని చూపించుకోవాల. దీనికింత హంగామా.

ఇబ్బంది యాడొచ్చిందంటే, లోపలికొచ్చిన ప్రతి మనిషీ మొదట అడిగేది ఒకటే. "తింటివా పాపా?" మనోళ్ళు ఎవుర్ని చూసినా ముందు అదే గదా అడిగేది. బెంగళూరోళ్ళు ఇచ్చిన సాఫ్ట్‌వేరు దానికేం చెప్తాందంటే, "నేను యంత్రాన్ని. నాకు ఆహారం అవసరం లేదు." అడిగినామె "అట్లనా తల్లీ" అని లేచి పోతాంది. తిండి అక్కర్లేనిదాంతో ఇంకేం మాట్లాడతారు?

మాధవి మేడమ్ బెంగళూరు ఆఫీసు నుంచి ఫోన్ చేసి అరిచింది. "ఎవరూ అర నిమిషం కూర్చోవడం లేదు. మనసు గురించి చదువుకున్నావని నిన్ను తీసుకున్నా. దానికి మనసుందనిపించు."

అనిపించాలంట. ఉండాలని అనలే.

జూన్ 10

"తిన్నానక్కా" అని రాస్తే మాట ఆడికే తెగిపోతాది. "ఇంకా లేదక్కా, నువ్వు తింటివా?" అని రాసినా. తినని పిల్లను వదిలి ఏ ఆడమనిషి లేచిపోతాది?

అబద్ధమా? కానే కాదు. అది నిజంగానే తినలే.

జూన్ 13, శుక్రవారం

పనిచేసింది! కూర్చుంటాండారు. అత్త గురించి చెప్తాండారు, సూపర్వైజర్ నోటి గురించి చెప్తాండారు, నడుం నొప్పి గురించి చెప్తాండారు.

మా ప్రొఫెసర్ చెప్పేవాడు, ఎదుటి మనిషికి మనసుందని కండ్లతో చూసినోడు లోకంలో ఎవుడూ లేడని. మొహం చూస్తాం, గొంతు ఇంటాం, ఉండాదిలే అనుకుంటాం. క్లాసులో అందరూ నిద్రపోయినారు, నేనొక్కణ్ణే ఇన్నా. ఇప్పుడా పాఠమంతా పెట్టెలో పెట్టినా. మాటకు ముందు రవ్వంత ఊపిరి. "ఊఁ... చెప్పక్కా." ఏడుపు మాట వచ్చినప్పుడు జవాబు కొంచెం ఆలస్యం. మనసంటే అంతే. తక్కినదంతా ఎదుటోళ్ళే నింపుకుంటారు.

మేడమ్ శుక్రవారం శుక్రవారం వస్తాది. ఇని "బ్రిలియంట్" అనింది. ఇట్లే నడిస్తే ఆగస్టులో పర్మినెంట్ చేస్తామనింది. నాయనకు ఫోన్ చేసి చెప్పినా. ప్రార్థన చేసినాడు, ఫోన్లోనే.

జూన్ 18, బుధవారం

ఈరోజు నవ్వి నవ్వి చచ్చినా.

కుట్టిన చొక్కాల్లో తప్పులు ఏరే చెకింగ్‌లో, మూడో టేబుల్ దగ్గర శంకరమ్మ అని ఒకామె ఉండాది. పెనుకొండ పక్క పల్లె నుంచి కంపెనీ బస్సులో వస్తాది. ముందు ధర్మవరంలో పట్టుచీరలు నేసేదంట, మొగుడు పోయినాక మగ్గం వదిలేసి పుట్టింటికొచ్చిండాది. మంజుల రూముకు ఎప్పుడొచ్చినా "నేనమ్మా, శంకరమ్మను, మూడో టేబులు" అని పేరు చెప్పి మరీ మొదలుపెడ్తాది. పేరు చెప్పద్దని గోడ మీద రాసి పెట్టిండారు. చెప్పకపోతే ఎవురితో మాట్లాడతాందో ఆ పాపకెట్ల తెలుస్తాది అంటాది.

ఆ శంకరమ్మ మధ్యాన్నం నా టేబుల్ దగ్గరికొచ్చి స్టీలు బాక్సు పెట్టింది.

"ఏమప్పా సారూ, నువ్వే గదా ఆ రూములోకి పోయి రిపేరీ చేసేది?"

"అవునమ్మా."

"ఆ పాప యా పొద్దు అడిగినా ఇంకా తినలే, ఇంకా తినలే అంటాదే. యాడ కూర్చోబెట్టినారప్పా దాన్ని? బెంగళూర్లోనా, ఈడనేనా? అన్నానికి గూడా ఇడ్సరా? ఇది ఇచ్చెయ్. సంగటి, ఊరుబిండి. మా స్వప్న వయసే ఉంటాది పాపం."

స్వప్న అంటే ఆమె కూతురు. ధర్మవరంలో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతాంది. వెనకాల మరియమ్మ నిలబడి నవ్వుతాంది. మరియమ్మ ఆమె పక్కన కూర్చొని చెకింగ్ చేసే మనిషి, ఇద్దరూ ఎప్పుడూ జంటే. "మిషనే అది, మిషన్" అంటాంది మరియమ్మ. "మిషన్‌కు ఆకలెందుకైతాదే?" అని శంకరమ్మ తిట్టె.

చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ మూత సందులోంచి చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి వాసన. నెల నుంచి బస్టాండు దగ్గర హోటల్లో సోడాఉప్పు అన్నం తింటాండా.

"ఇస్తాలేమ్మా" అంటి.

తిన్నా. ఏలు నాక్కోని మరీ తిన్నా. బాక్సు కడిగి సాయంత్రం ఇస్తే, తెరిచి చూసి ఎంత మురిసిపోయిందో! "చూడే, అంతా తినిండాది. మిషనంట, మిషన్!" అని మరియమ్మ మొహం మీద బాక్సు ఆడించింది.

బయటికి పోతాంటే గేటు దగ్గర వాచ్‌మన్ నల్లప్ప రోజూ అడిగినట్లే అడిగినాడు, "తింటివా సారూ?" అని. తినింటిగా! "బ్రహ్మాండంగా" అంటి.

జూన్ 19

మళ్ళీ తెచ్చింది. ఇది రీసర్చ్. మనిషి ఏం చూసి మనసును నమ్ముతాడో కండ్లారా చూస్తాండా.

జూన్ 24

మంజుల నోట్లో కొత్త మాట పెట్టినా. "ఊరుబిండిలో కారం రవ్వంత ఎక్కువైందక్కా." శంకరమ్మ పేరు చెప్తానే ఆ మాట వచ్చేటట్ల.

అందరి మాటలూ పెట్టెలో రికార్డవుతాయి, నేను సాయంత్రం ఇంటా. ఆ మాటకు శంకరమ్మ ఏడ్చింది. "నా కూతురు గూడా ఇట్లే అంటాది పాపా" అనింది. తెల్లారి కారం తగ్గింది.

జులై 2

గుత్తొంకాయ అడిగించినా. వచ్చింది.

జులై 6, ఆదివారం

పెనుకొండ పోయినా. చర్చిలో పాస్టరుతో నాయన, "మావోడు ఫ్యాక్టరీలో ఆడబిడ్డల కష్టాలు ఇనే పని చేస్తాండాడు" అని చెప్పినాడు. ఇది నాయన నోటికి ఎవురు నేర్పిరో. ఇనేది నేను కాదు నాయనా, మంజుల అని చెప్దామనుకున్నా. మంజుల ఎవురని అడిగితే మళ్ళీ అదొక తలనొప్పి. సాయంత్రానికే తిరిగొచ్చేసినా. సోమవారం బాక్సు పోగొట్టుకోవడమెందుకు.

జులై 15, మంగళవారం

ఈరోజు రికార్డింగ్.

"నేనే పాపా, శంకరమ్మను. తింటివా?"

"ఇంకా లేదక్కా. నువ్వు తింటివా?"

"తింటాలే. ఒక మాట చెప్తా, ఎవురితోనూ అనద్దు. నా కుడికన్ను మబ్బు కమ్మినట్ల ఉండాదమ్మా. ఎడమది గూడా మొదలాయ. తెల్లగుడ్డా మీగడరంగు గుడ్డా ఒకటే మాదిరి కనపడ్తాండాయి. మరియమ్మ పక్కనుండి చెప్తాది గాబట్టి నెట్టుకొస్తాండా. ఆపరేషన్ చేస్తే పోతాదంట. లీవడిగితే, కండ్లు లేనిదానివి చెకింగ్‌లో ఎందుకని తీసేస్తారు. స్వప్న చదువు ఇంకొక్క సంవత్సరం. అది బయటపడినాక నా కండ్లు ఏమైతే నాకేం. అంతవరకూ ఎవురికీ తెలీకుంటే చాలు."

మంజుల ఆగింది. బాగా ఆగింది. తర్వాత, "ఊఁ... ఎంత కష్టమక్కా నీకు. నాకు చెప్పినావు గదా, ఇంక మనసులో పెట్టుకోవద్దు."

ఆ ఆగడం ఎంత బాగా కుదిరిందో! మళ్ళీ మళ్ళీ ఇన్నా. మేడమ్‌కు వినిపించాల్సిన ముక్క.

జులై 18, శుక్రవారం

మేడమ్ మొహం మాడ్చుకుని వచ్చింది. చొక్కా ఒక రంగు, కాలర్ ఇంకో రంగు ఉన్న సరుకు దేశం దాటిపోయి వెనక్కొచ్చిండాదంట. "చెకింగ్‌లో ఎవరో చూడకుండా పంపిస్తున్నారు. మంజులతో ఎవరైనా ఏమైనా అన్నారా? అంత బాగా మాట్లాడిస్తున్నావు కదా, దానివల్ల మాకేం లాభం? పర్మినెంట్ అంటే మేనేజ్‌మెంట్‌కి ఏదో ఒకటి చూపించాలి కదా ప్రేమ్."

నేను పేరు చెప్పలే. ఇది రాసిపెట్టుకుంటాండా, పేరు చెప్పలే. "మూడో టేబుల్ ఒకసారి చూడండి మేడమ్" అన్నా. ఆ టేబుల్‌లో ఇద్దరుండారు.

మంజుల చాడీ చెప్పలే. చెప్పే మనసు దానికి లేదు. ఇనే మనసూ లేదు. అంటే శంకరమ్మ మాట ఎవురూ ఇనలే. ఎవురూ ఇనని మాటను ఎవురు బయటపెట్టినట్లు? ఎవురూ కాదు. ఎట్ల తిప్పి చూసినా లెక్క సరిగ్గానే ఉండాది.

జులై 21, సోమవారం

పొద్దున్నే మూడో టేబుల్ ఇద్దరికీ రంగుల అట్ట చూపించి చదవమన్నారు. మరియమ్మ చదివింది. శంకరమ్మ అట్టను కిటికీ దగ్గరికి తీసుకపోయింది, దూరం పెట్టింది, ముక్కుకానిచ్చింది, తర్వాత టేబుల్ మీద పెట్టేసింది. మధ్యాన్నానికే గుర్తింపుకార్డు తీసుకున్నారు.

కిటికీలోంచి చూస్తాండా. సాయంత్రం బస్సు దగ్గర శంకరమ్మ అందరి ముందరా మరియమ్మ చెంప పగలగొట్టింది.

"నువ్వే చెప్తివి గదే! నీకూ ఆ పాపకూ తప్ప ఈ మాట ఎవురికీ తెలీదు. ఆ పాప చెప్పేది కాదు. నా బిడ్డ చదువును కాలితో తొక్కితివి గదే!"

"ఏసయ్య తోడు, నేను చెప్పలే వదినా. చెప్పలే." మరియమ్మ చెంప పట్టుకోని ఏడుస్తానే ఉండాది. వదినా అనడం మటుకు మానలే.

పొద్దున శంకరమ్మ ఇచ్చిన బాక్సు నా బ్యాగులోనే ఉండాది. గుత్తొంకాయ. తిన్నా. అన్నం పారేస్తే పాపం గదా.

జులై 22

హోటల్లో తిన్నా. థూ.

జులై 25, శుక్రవారం

శ్రావణం మొదటి శుక్రవారం. గేటు దగ్గర శంకరమ్మ. చేతిలో బాక్సు.

"ఏమప్పా, ఆ పాపను గూడా తీసేసిరా ఏమి? నా మాట కడుపులో దాచిపెట్టిందని తెలిస్తే ఊరుకుంటారా ఈళ్ళు! నిద్ర పట్టక చస్తాండా. నా వల్ల దాని కూడు గూడా పోయెనేమో అని."

ఉద్యోగం పోయినది ఈమెకు. బాధపడేది పెట్టె కోసం. ఎవురితో చెప్పుకుంటే నమ్ముతారు!

"లేదమ్మా, బాగుండాది. నిన్ను శానా తల్చుకుంటాది."

"తల్చుకుంటాదా? ఏమంటాది?"

"అక్క చేతి వంట మళ్ళీ యా పొద్దు దొరుకుతాదో అంటాది."

కండ్లొత్తుకుంది, ఆ మబ్బు కండ్లు. "ఓళిగలు చేసినా, బెల్లం పూర్ణం పెట్టి. చల్లారకముందే తినమను" అని చేతిలో పెట్టింది. నల్లప్ప స్టూలు మీద కూర్చోని అంతా చూస్తాండాడు.

బాత్రూమ్ పక్కన నిలబడి తిన్నా. నెయ్యి ఇంకా కొంచెం ఉంటే బాగుండు.

ఆగస్టు 1, శుక్రవారం

నెయ్యి ఎక్కువేసి తెచ్చింది. పోయిన వారం బాక్సు తిరిగిచ్చేటప్పుడు నేనే చెప్పినా, పాప అడిగిందని.

ఆగస్టు 4, సోమవారం

రెండో లైన్‌లో కొత్త పిల్ల. స్వప్న. నర్సింగు మానేసి వచ్చిండాది. నన్ను చూసి "నమస్తే సార్, మా అమ్మ మీ గురించి చెప్పింది, మంచోళ్ళని" అనింది.

తలకాయ నొప్పి. పొద్దున్నుంచీ.

ఆగస్టు 5, మంగళవారం

జరిగింది జరిగినట్లు రాస్తా.

సాయంత్రం గేటు దగ్గర శంకరమ్మ, బాక్సుతో. స్వప్న లోపల్నుంచి వచ్చింది. నేను పక్కనుంచి జారుకుందామనుకున్నా. శంకరమ్మ చెయ్యి పట్టుకుంది.

"సారూ, ఆ పాపను ఒక్క గడియ బయటికి పిలిపించప్పా. మా స్వప్నను చూపిస్తా. దీనికి ఈడ ఎవురూ తెలీదు. ఇద్దరూ అక్కచెల్లెండ్ల మాదిరి ఉంటారు."

స్వప్న మొహం అదోమాదిరి పెట్టింది. "అమ్మా, మధ్యాన్నం పోయి చూసినా నేను. ఆడ ఎవురూ లేరు. గోడకు పెట్టె ఉండాది, అంతే."

"పెట్టెలోనుంచే గదే మాట్లాడేది. మనిషి యాడో ఉంటాది."

"యాడా లేదమ్మా."

శంకరమ్మ నా వైపు తిరిగింది. బస్సెక్కాల్సినోళ్ళందరూ ఆగిపోయినారు. నాకు కోపమొచ్చింది. ఎంతసేపని ఈ గోల! ఎట్లా తెలిసేదే గదా, తెలిస్తే ఆ పాప మీద బెంగన్నా పోతాది, మేలే చేస్తాండా అనుకున్నా.

"అవునమ్మా, మిషనే. మనిషి కాదు. మాట్లాడేదానికి మాటలు పెట్టిండారు, అంతే. దానికి మనసూ లేదు, చెవులూ లేవు. నువ్వు చెప్పుకున్నదంతా ఎవురూ ఇనలే. నువ్వేం బాధపడాల్సిన పన్లేదు."

ఆ మాట బాగానే చెప్పినా. నెమ్మదిగానే చెప్పినా.

శంకరమ్మ ఏడ్వలే. కండ్లు చిన్నవి చేసి నా మొహాన్ని ఎతుకుతా ఉండిపోయింది. కనపడలేదేమో, ఇంకొంచెం దగ్గరికొచ్చింది.

"అట్లయితే అన్నం ఎవురు తినిరప్పా?"

ఎమ్మేలో ఎన్ని ప్రశ్నలకు జవాబు రాసింటి. బ్యాగు ఆ భుజం మీదినుంచి ఈ భుజం మీదికి మార్చుకున్నా.

"కారం తగ్గించమన్నదెవురు? గుత్తొంకాయ అడిగిందెవురు? నెయ్యి ఎక్కువెయ్యమన్నదెవురు?"

నల్లప్ప స్టూలు మీదనుంచి లేచినాడు.

"తినింది నువ్వు. అట్లయితే ఇన్నది గూడా నువ్వే." ఆమె గొంతు పైకి లేవలే, అదే నన్ను చంపేసింది. "నా కంటి మాట పోయి చెప్పింది గూడా నువ్వే. అయ్యో, మరియమ్మను కొడ్తినే! ఒట్టి పుణ్యానికి దాన్ని కొడ్తినే నా చేతుల్తో!"

బాక్సు మూత తీసింది. గేటు పక్కన ఎప్పుడూ పడుకునే నల్లకుక్క ముందర కూర్చోని సంగటి, ఊరుబిండి అంతా చేత్తో తోడి పెట్టింది. కుక్క తోక ఆడించుకుంటా వచ్చింది.

"తినవే తల్లీ. నీకైతే తెలుస్తాది, పెట్టిన చెయ్యి ఎవురిదో."

చెయ్యి కొంగుకు తుడుచుకుంది. స్వప్న భుజం పట్టుకోని బస్సు దగ్గరికి పోయింది. మరియమ్మ మెట్టు మీద నిలబడి ఉండాది. శంకరమ్మ ఆమె కాళ్ళు పట్టుకోబోతే మరియమ్మ పట్టుకోనీలే, పైకి లాక్కుంది.

బస్సు పోయినాక గూడా నేను ఆన్నే ఉండా. కుక్క నన్ను చూసి గుర్రుమనింది, దాని కూడు లాక్కుంటాననుకుందేమో.

ఆగస్టు 6

లీవు పెట్టినా. జ్వరం. జ్వరమే.

ఆగస్టు 7, గురువారం

రికార్డింగులు ఇన్నా. నిన్నా ఈరోజూ కలిపి ఎప్పుడూ లేనన్ని ఉండాయి.

ఒక్కరు గూడా "తింటివా పాపా" అని అడగలే. వస్తాండారు, బటన్ నొక్కుతాండారు. "అన్నం ఎవురు తినిరి?" అంటాండారు. పోతాండారు. ఒకటో లైను, రెండో లైను, ప్యాకింగు, చెకింగు. మరియమ్మ గూడా. స్వప్న గూడా. మంజుల ప్రతి ఒక్కరికీ రవ్వంత ఊపిరి పీల్చి ఒకటే చెప్తాంది, "ఊఁ... ఇంకా లేదక్కా, నువ్వు తింటివా?" పరదా బయట ఆడోళ్ళు పగలబడి నవ్వేది గూడా పడింది.

ఆ పెట్టెకు సిగ్గు లేదు. దానికి లేకపోవడం దాని అదృష్టం.

ఆగస్టు 8, శుక్రవారం

మేడమ్ వచ్చింది. ముందు కవరిచ్చింది, పర్మినెంట్ ఆర్డరు. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇనింది.

"ఏంటి ప్రేమ్ ఇది? అందరూ ఇదే ప్రశ్న. ఎవరు తిన్నారు? ఏం తిన్నారు?"

"ఈ పక్క వాడుక మేడమ్. ఊరికే అట్లంటారు."

"అయితే దానికి మంచి జవాబు రాయి. సోమవారానికల్లా మంజుల చెప్పాలి. మనసులోంచి వచ్చినట్టుండాలి, తెలుసుగా."

తెలుసు. నాకంటే బాగా ఎవురికి తెలుసు.

పొద్దు గూకేదాకా కంప్యూటర్ ముందరే కూర్చున్నా. రాసినా, కొట్టేసినా. పర్మినెంట్ అయినానని నాయనకు ఫోన్ చెయ్యాల. చెయ్యలే. కవరు తీసుకోని బయటికొచ్చినా. వరలక్ష్మి వ్రతమని ఫ్యాక్టరీ తొందరగా ఇడిసినారు, రోడ్డంతా ఆడోళ్ళు పూలు కట్టించుకుంటాండారు.

గేటు దగ్గర నల్లప్ప. నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఒక్క దినం తప్పకుండా "తింటివా సారూ" అని అడిగే మనిషి. గేటు తీసినాడు, సెల్యూట్ కొట్టినాడు, అటు తిరిగి కుక్కకు బిస్కెట్ ఏసినాడు.

అడగలే. అడిగింటే చెప్పేటోణ్ణి, ఇంకా లేదని.